అప్‌డేట్: ఫ్లైబార్ బరువులు జరిపాక హోవర్ కుదిరింది

అమలాపురం దగ్గర కోతలైన చేలో ఎగరేస్తుంటే, మధ్యాహ్నం సముద్రపు గాలికి నా మోడల్ హెలికాప్టర్ హోవర్‌లో (గాల్లో ఒకేచోట) నిలవట్లేదని అడిగాను కదా. ఫ్లైబార్ (పైన తిరిగే రెక్కలతో, అంటే రోటర్‌తో పాటు తిరిగే అడ్డకడ్డీ) మీది బరువులు బయటికి జరపమన్న అన్నకు చాలా థాంక్స్. పనిచేసింది!

బరువు మధ్య షాఫ్ట్‌కు దూరమయ్యేకొద్దీ, తిరిగే కడ్డీ బొంగరంలా తన తలాన్ని గట్టిగా పట్టుకుంటుంది. గాలి రోటర్‌ను వంచినా కడ్డీ వెంటనే వంగదు. ఆ తేడాయే లింకుల ద్వారా రెక్కల కోణం మార్చి రోటర్‌ను మళ్లీ సరిచేస్తుంది.

కాకపోతే రిమోట్ స్టిక్ కదిపాక స్పందన నెమ్మదించింది. గాల్లో రోల్స్ (పల్టీలు) కొట్టేవాళ్లకు బరువులు లోపలికి ఉండాలి, ప్యాడిళ్లు (ఫ్లైబార్ చివర్లలోని చిన్న రెక్కలు) తేలిగ్గా ఉండాలి. నాకైతే కొబ్బరితోటల పక్కన నిలకడే ముఖ్యం.

వేగంగా ముందుకెళ్తే ముక్కు పైకి లేవడం మాత్రం ఇంకా ఉంది. ప్యాడిళ్లు మార్చి చూస్తాను.