65 వేలలో గేమింగ్ లాప్‌టాప్: 3050 తీసుకోవాలా, 4050 కోసం ఆగాలా?

కృష్ణలంక_కుర్రాడు:
అన్నలూ, నాది బీటెక్ సెకండియర్, సీఎస్ఈ. ఇంట్లో 65 వేల దాకా ఒప్పుకున్నారు, గట్టిగా అడిగితే ఇంకో ఐదు వేలు రావచ్చు. ఆడేది ఎక్కువగా వాలరెంట్, జీటీఏ 5, సెలవుల్లో సైబర్‌పంక్ లాంటి పెద్ద గేములు ఒకటి రెండు. షాపులో ఎన్‌విడియా వాళ్ల గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 2050 చాలంటున్నారు. ఆన్‌లైన్‌లో చూస్తే 3050 లోనే 4 జీబీ మెమరీది ఒకటి, 6 జీబీది ఒకటి ఉన్నాయి. 4050 అయితే బడ్జెట్ దాటుతోంది. కనీసం నాలుగేళ్లు ఇదే వాడాలి, మధ్యలో ఇంకోటి కొనమని అడగలేను. ఏది తీసుకోమంటారు?

ఫ్రేమ్‌రేట్_పిచ్చి:
2050 వద్దు తమ్ముడూ. లోపల ఉన్నది 3050 కుటుంబం చిప్పే, కోర్లు కూడా 3050 4 జీబీలో ఉన్నన్నే, 2048. కానీ మెమరీ దారి 64 బిట్లే, 3050 4 జీబీకి 128. పైగా దానికిచ్చే కరెంటు 30 నుంచి 45 వాట్లే. వాలరెంట్‌కి సరిపోతుంది, నిజానికి వాలరెంట్ ప్రాసెసర్ మీద నడిచే గేము, కార్డు లేకపోయినా ఆడొచ్చు. సైబర్‌పంక్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇబ్బంది పడతావు.

హన్మకొండ_రిగ్:
4 జీబీ కార్డు ఏదైనా సరే ఇప్పుడు కొనకు బ్రో, 3050 అయినా సరే. కార్డు మెమరీ నిండితే మిగతా డేటా మామూలు ర్యామ్‌లోకి పోతుంది, అక్కడి నుంచి తెచ్చుకోవడానికి టైం పడుతుంది కాబట్టి ఆట మధ్యలో ఆగి ఆగి కదులుతుంది. స్క్రీన్ మీద సగటు 50 ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) అని చూపిస్తూనే ఉంటుంది, కానీ కార్లో మలుపు తిరగ్గానే అర సెకను గడ్డకట్టిపోతుంది. నా రూమ్మేట్ 4 జీబీ లాప్‌టాప్‌లో టెక్స్‌చర్ల (బొమ్మల పైపూత) సెట్టింగ్ బాగా తక్కువకి దించితే తప్ప కొత్త గేములు నిలకడగా ఆడవు.

సర్వీస్_అన్న:
రోజూ ఇవే లాప్‌టాప్‌లు విప్పుతుంటాను కాబట్టి చెబుతున్నాను. అందరూ కార్డు పేరు అడుగుతారు, వాట్లు ఎవరూ అడగరు. ల్యాప్‌టాప్ కార్డుకి ఎన్ని వాట్లు ఇవ్వాలో కంపెనీ తన ఇష్టం, దాన్నే టీజీపీ అంటారు. ఉదాహరణకి 4050 సంగతే చూడండి, 35 నుంచి 115 వాట్ల దాకా ఎంతైనా పెట్టుకోవచ్చని ఎన్‌విడియానే చెప్పింది. సన్నగా, అందంగా ఉన్న మోడల్లో 45 వాట్ల 4050 ఉంటుంది, లావుపాటి దాంట్లో 100 దాటి ఉంటుంది, రెండిటి మీదా స్టిక్కర్ మాత్రం ఒకటే. ఆటలో తేడా బాగా తెలుస్తుంది. కాబట్టి కొనే ముందు ఆ మోడల్ నంబరు పూర్తిగా పట్టుకుని కంపెనీ వెబ్‌సైట్లో స్పెసిఫికేషన్ షీట్ తెరిచి టీజీపీ చూడాలి. అక్కడ రాయకపోతే ఆ మోడల్ వదిలేయడమే మంచిది.

ఫ్రేమ్‌రేట్_పిచ్చి:
సర్వీస్ అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఇంకోటి, 3050 6 జీబీ, 4050 రెండింటిలోనూ 2560 కోర్లే, 6 జీబీయే, 96 బిట్లే. కాగితం మీద చూస్తే ఎందుకు ఎక్కువ పెట్టాలి అనిపిస్తుంది. కానీ 3050 చిప్ శామ్‌సంగ్ 8 నానోమీటర్ల మీద చేసింది, 4050 టీఎస్‌ఎంసీ వాళ్ల కొత్త ప్రాసెస్ మీద. అందుకే 4050 క్లాక్ స్పీడ్ చాలా ఎక్కువ, లోపలి క్యాష్ కూడా పెద్దది. అదే కరెంటుకి ఎక్కువ ఫ్రేములు ఇస్తుంది. ఐదు వేలు కాదు, పది వేలు తేడా ఉన్నా 4050 కోసం ఆగమంటాను.

డాలస్_తెలుగబ్బాయి:
ఆగమనడం తేలికే అండీ, ఆ అబ్బాయి ఇంట్లో వాళ్ల పరిస్థితి కూడా చూడాలి కదా. వాలరెంట్, జీటీఏ 5 ఆడేవాడికి 3050 6 జీబీ తక్కువేమీ కాదు. సైబర్‌పంక్ మీడియంలో పెట్టి డీఎల్‌ఎస్‌ఎస్ (తక్కువ రిజల్యూషన్ బొమ్మని ఏఐతో పెంచి చూపించేది) ఆన్ చేస్తే హాయిగా ఆడుకోవచ్చు. 2025లో వచ్చిన కొత్త డీఎల్‌ఎస్‌ఎస్ మోడల్ పాత ఆర్‌టీఎక్స్ కార్డులన్నిటికీ ఇచ్చారు, బొమ్మ స్పష్టత పెరిగింది. 4050 కి అదనంగా వచ్చేది ఫ్రేమ్ జనరేషన్, అంటే అసలు ఫ్రేముల మధ్య ఏఐతో కొత్తవి తయారుచేసి పెట్టడం. అది బాగుండాలంటే ముందే 50, 60 ఎఫ్‌పీఎస్ వస్తూ ఉండాలి, 25 వచ్చేచోట పెడితే మౌస్ కదిపాక ఆలస్యంగా స్పందిస్తున్నట్టు ఉంటుంది.

హన్మకొండ_రిగ్:
నాలుగేళ్లు అన్నాడు కదండీ, అదే నా భయం. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఇండియానా జోన్స్ గేము కనీస అవసరాల్లోనే 8 జీబీ కార్డు, రే ట్రేసింగ్ (వెలుగునీడల్ని నిజంలా లెక్కగట్టే) హార్డ్‌వేర్ అడిగింది. ఇలాంటివి పెరుగుతాయే కానీ తగ్గవు. ల్యాప్‌టాప్ కార్డు బోర్డుకి అతికించి ఉంటుంది, రేపు మార్చుకోలేం. 5050 లో 8 జీబీ ఉంది కానీ ఈ బడ్జెట్లో దొరకడం కష్టం.

కృష్ణలంక_కుర్రాడు:
అందరికీ థాంక్స్ అన్నలూ. ఒకటి దొరికింది, 3050 6 జీబీ, 95 వాట్లు అని షీట్లో రాసి ఉంది, 64 వేలు. కానీ ర్యామ్ 8 జీబీ ఒకే స్టిక్. ఇంకో 4050 ఉంది, 72 వేలు, దానికి 16 జీబీ, వాట్లు ఎక్కడా రాయలేదు. హాస్టల్లో కరెంటు పోతుంటుంది, బ్యాటరీ మీద ఆడొచ్చా?

సర్వీస్_అన్న:
బ్యాటరీ మీద గేమింగ్ మర్చిపో తమ్ముడూ, ప్లగ్ తీయగానే కార్డుకి వాట్లు తగ్గించేస్తుంది, ఫ్రేములు సగానికి పడిపోవచ్చు. టైప్ సీ చిన్న చార్జర్‌తో కూడా అంతే, దాంతో వచ్చిన ఇటుకంత చార్జరే పెట్టాలి. వాట్లు రాయని 4050 సంగతి ఇందాకే చెప్పాను, అదే మోడల్ కొన్నవాళ్లని అడుగు. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే మాక్సిమమ్ గ్రాఫిక్స్ పవర్ అని కనిపిస్తుంది, ఆ స్క్రీన్‌షాట్ పెట్టమను. 85 పైన ఉంటే 4050 కే నా ఓటు.
ఏప్రిల్, మేలో బెజవాడ ఎండకి ఏసీ లేని గదిలో ఆడితే ఏ కార్డైనా వేడెక్కి స్పీడ్ తగ్గించుకుంటుంది. వెనకవైపు ఎత్తుగా పెట్టు, మంచం మీద, దిండు మీద మాత్రం పెట్టకు, గాలి లాగే రంధ్రాలు కిందే ఉంటాయి. ఏడాదికోసారి ఫ్యాన్ల దుమ్ము తీయించు.

డాలస్_తెలుగబ్బాయి:
3050 దే తీసుకుంటే ఆ 8 జీబీ ఒక్క స్టిక్ అలా వదిలేయొద్దు. రెండో స్లాట్ ఖాళీగా ఉందో, ర్యామ్ బోర్డుకే అతికించి ఉందో ముందు కనుక్కో. ఇంకో 8 వేస్తే డ్యూయల్ ఛానెల్ అవుతుంది, అంటే రెండు స్టిక్‌లూ ఒకేసారి పనిచేస్తాయి, కుదుపులు తగ్గుతాయి. ఆ ఖర్చు కూడా 64 వేలకి కలుపుకునే 72 తో పోల్చి చూడు.

ఫ్రేమ్‌రేట్_పిచ్చి:
అలా కలిపితే తేడా చాలా తక్కువే మిగులుతుంది తమ్ముడూ, నాన్నగారికి ఈ లెక్కే కాగితం మీద రాసి చూపించు. సికింద్రాబాద్ వైపు ఎవరైనా తెలిసినవాళ్లుంటే అక్కడి కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో ధర కూడా అడిగించు, పండగ సేల్ ముందు రోజుల్లో కొనకు.

కృష్ణలంక_కుర్రాడు:
సరే అన్నా. ఆ 4050 ఉన్నవాళ్లు ఎవరైనా ఇక్కడుంటే వాట్ల స్క్రీన్‌షాట్ పెట్టండి, మోడల్ నంబరు మెసేజ్ చేస్తాను.