రీసెర్చ్ చేస్తూనే ఊళ్ళో జనానికి లెక్కలు చెప్పడం కుదురుతుందా?

కౌశిక ఒడ్డు

నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. కాకినాడలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ మొదటి ఏడాది చదువుతున్నాను. నాన్నకి రెండెకరాల కొబ్బరి తోట ఉంది. బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నారు. నాకేమో పీహెచ్‌డీ చేయాలని ఉంది. దాంతోపాటు ఇంకో కోరిక కూడా ఉంది. లెక్కలంటే భయపడేవాళ్ళ దగ్గర కూర్చుని, ఇందులో ఇంత అందం ఉందని చెప్పాలని.

పోయిన నెల మా ఊరి హైస్కూల్లో గంటసేపు ప్రధాన సంఖ్యల గురించి మాట్లాడాను. అవి ఎప్పటికీ అయిపోవని యూక్లిడ్ చెప్పిన పద్ధతిలో నిరూపించాను. ఏడో తరగతి పిల్ల లేచి, "అన్నిటినీ గుణించి ఒకటి కలిపితే వచ్చేది కూడా ప్రధాన సంఖ్యేనా అక్కా?" అని అడిగింది. 2, 3, 5, 7, 11, 13 గుణించి ఒకటి కలిపితే 30031 వస్తుంది. అది 59, 509ల లబ్ధం. బోర్డు మీద వేసి చూపిస్తే క్లాసంతా నిశ్శబ్దమైపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదండి.

ఈ సంగతి చెబితే మా లెక్చరర్ ఒకాయన, "ఈ కథలు చెప్పుకుంటూ కూర్చుంటే రీసెర్చ్ ఏం చేస్తావమ్మా, ఏదో ఒకటి తేల్చుకో" అన్నారు. నిజంగా ఒకటి వదులుకోవాల్సిందేనా? ఈ దారిలో నడిచినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

గట్టుమీద మాస్టారు

అమ్మా, నీకంటే నలభై ఏళ్ళు పెద్దవాణ్ణి, అందుకని నువ్వు అంటున్నాను. మాది రాజోలు వైపు. నంబర్ థియరీలో (పూర్ణ సంఖ్యల లక్షణాలు చూసే గణిత శాఖలే) పీహెచ్‌డీ చేశాను. బయటి రాష్ట్రాల్లో పాఠాలు చెప్పి, పేపర్లు రాసి, రెండేళ్ళ కిందట రిటైరై ఊరొచ్చేశాను. ఆదివారం పొద్దున్న మా అరుగు మీద పిల్లలకి లెక్కలు చెబుతాను. రెండూ కుదురుతాయి. కుదరడమే కాదు, నా విషయంలో ఒకటి లేకపోతే రెండోది ఎండిపోయేది.

మీ లెక్చరర్ గారి మాట చాలా పాతది. రామానుజన్‌ను కేంబ్రిడ్జికి పిలిపించిన ఇంగ్లిష్ గణితవేత్త హార్డీ 1940లో ఒక పుస్తకంలో అచ్చంగా ఇదే రాశాడు. గణితాన్ని సృష్టించేవాడు వేరు, వివరించేవాడు వేరు, వివరించడం రెండో తరగతి బుర్రల పని అని. నేను అది ఇరవై ఏళ్ళ వయసులో చదివి పూర్తిగా నమ్మాను. నలభై దాటాక మళ్ళీ చదివితే ఇంకోలా తోచింది. అది రాసేనాటికి హార్డీకి అరవై దాటాయి. కొత్త గణితం చేసే శక్తి పోయిందని కుమిలిపోతూ రాసిన పుస్తకం అది. ఆ బాధని గౌరవించాలి గానీ, దాన్ని సూత్రంగా పెట్టుకోకూడదు.

దానికి ఎదురు నిలిచే ఉదాహరణ బ్రిటిష్ గణితవేత్త క్రిస్టఫర్ జీమన్. టోపాలజీలో (ఆకారాల్ని సాగదీసినా మారని లక్షణాలు చూసే శాఖ) గట్టి పని చేసినవాడు, 1964లో వార్విక్ యూనివర్సిటీలో గణిత విభాగాన్ని మొదటి నుంచి కట్టినవాడు. లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు 1825 నుంచి జరుగుతున్నాయి. నూట యాభై ఏళ్ళ పాటు అక్కడ లెక్కల మనిషికి చోటే దొరకలేదు. 1978లో జీమన్ మొదటివాడు. వాటిని చూసిన పిల్లల్లో పదమూడేళ్ళ మార్కస్ డ్యూ సోటోయ్ ఒకడు. అతను పెద్దయ్యాక గ్రూప్ థియరీలో (సౌష్ఠవాల గణితం) పరిశోధన చేసి, ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసరై, 2006లో అవే ఉపన్యాసాలు తానిచ్చాడు. జీమన్ ఉపన్యాసాలు అయ్యాక బడిపిల్లలకి శనివారం లెక్కల క్లాసులు కూడా మొదలయ్యాయి. ఒక మనిషి కొన్ని సాయంత్రాలు మాట్లాడితే ఇంత జరిగింది.

అవన్నీ ఎక్కడో సంగతులు అంటావేమో. మా అరుగు మీద జరిగింది చెబుతాను.

పోయిన ధనుర్మాసంలో మా పెద్దమ్మ వాకిట్లో మెలికల ముగ్గు వేస్తోంది. సరిచుక్కలు, అడ్డం నాలుగు, నిలువు మూడు. పక్కపక్కనున్న ఏ రెండు చుక్కల మధ్యైనా గీతలు ఒకదాన్నొకటి దాటాలి, అంచుకొచ్చాక వెనక్కి తిరగాలి. చెయ్యి ఎత్తకుండా పన్నెండు చుక్కలూ చుట్టేసి, మొదలెట్టిన చోటికే వచ్చింది. పక్కన మనవరాలు మూడూ మూడూ పెట్టింది. దానికి ఒక్క గీతతో అవలేదు. చెయ్యి ఎత్తి మూడుసార్లు మొదలెట్టాల్సి వచ్చింది. "మూడూ మూడుకి మూడు గీతలేనే, నాలుగూ ఆరుకి రెండు" అంది పెద్దమ్మ, పిండి రాలుస్తూనే. ఆవిడ చదివింది మూడో తరగతి.

అది గ.సా.భా, అంటే రెండు సంఖ్యల్నీ శేషం లేకుండా భాగించే అతి పెద్ద సంఖ్య. గ.సా.కా అని కూడా అంటారు. అడ్డం, నిలువు చుక్కల గ.సా.భా ఎంతో అన్ని గీతలు వస్తాయి. ఆ ఆదివారం తొమ్మిదో తరగతి పిల్లలతో కూర్చుని ఎందుకో వెతికాం. ప్రతి చుక్క చుట్టూ గీత ముక్కలు నాలుగుంటాయి. మూడూ నాలుగు ముగ్గులో పన్నెండు చుక్కలు, నలభై ఎనిమిది ముక్కలు. ఒక గీత అడ్డంగా పోయి వెనక్కి రావడానికి ఒక లెక్క, నిలువుగా పోయి రావడానికి ఇంకో లెక్క. ఆ రెండూ ఒకేసారి కలిసినప్పుడే గీత మూసుకుంటుంది. ఆ కలిసే చోటు క.సా.గు, అంటే రెండు ఎక్కాల్లోనూ వచ్చే అతి చిన్న సంఖ్య. మూడు, నాలుగుల క.సా.గు పన్నెండు, దానికి నాలుగు రెట్లు నలభై ఎనిమిది. అంటే ఒక్క గీతే ముక్కలన్నీ తినేసింది. మూడూ మూడులో ముక్కలు ముప్పై ఆరు, ఒక్కో గీతకి పన్నెండు, కాబట్టి మూడు గీతలు. నాలుగూ ఆరులో తొంభై ఆరు, ఒక్కోదానికి నలభై ఎనిమిది.

ఒక పిల్లవాడు నెమ్మదిగా, "అయితే క.సా.గు, గ.సా.భా గుణిస్తే రెండు సంఖ్యల లబ్ధం వస్తుందని ఆరో తరగతిలో బట్టీ పట్టింది ఇదేనా అండి?" అన్నాడు. ఇదే. నలభై ఏళ్ళు నంబర్ థియరీ చేసినవాణ్ణి, ఆ సూత్రాన్ని కంటితో చూడొచ్చని నాకప్పటిదాకా తట్టలేదు. జనానికి చెప్పాలని కూర్చుంటే నీకు తెలుసనుకున్నది ఎంతవరకు తెలుసో బయటపడుతుంది. అక్కడి నుంచే కొత్త ప్రశ్న పుడుతుంది. నా పేపర్లలో రెండు అలా పిల్లల ముందు తడబడ్డ చోటి నుంచి వచ్చినవే.

కష్టం కూడా చెప్పాలి. నేను పనిచేసిన ఒకచోట ప్రమోషన్ ఇంటర్వ్యూలో బడుల్లో చెప్పిన పాఠాల కాగితాలు పక్కకి తోసేసి, "వీటికి మార్కులుండవు" అన్నారు. నాలుగేళ్ళు వెనకపడ్డాను. చాలా బాధపడ్డాను. అందుకని నీకు చెప్పేదేమిటంటే, ముందు పీహెచ్‌డీ. ఆ ఐదారేళ్ళూ వారానికి రెండు గంటలకి మించి జనానికి ఇవ్వకు, కానీ ఆ రెండు గంటలూ మాత్రం మానకు. నీదంటూ ఒక ప్రశ్న ఎప్పుడూ చేతిలో ఉండాలి. అది లేకుండా ఎక్కువకాలం చెబుతూ పోతే, పక్కవాళ్ళ కథలే తిప్పి తిప్పి చెప్పడం మొదలవుతుంది. ఆ పిల్ల ప్రశ్నకి నువ్వు 30031 వేయగలిగావంటే, నిరూపణ నీ సొంతమైంది కాబట్టే.

ఇప్పుడు చేయాల్సింది: ఎండాకాలంలో లెక్కల విద్యార్థులకి జరిగే ఎమ్‌టీటీఎస్ శిబిరానికి అప్లై చెయ్యి. గణిత ఆచార్యులు కుమరేశన్ గారు 1993లో మొదలుపెట్టారు. నాలుగు వారాలు, రోజంతా లెక్కలే. అక్కడ పాఠం చెప్పేసి వెళ్ళిపోరు, నీ చేత చెప్పిస్తారు. ఎన్‌బీహెచ్‌ఎమ్ స్కాలర్‌షిప్ పరీక్ష, సీఎస్‌ఐఆర్ నెట్, గేట్, పీహెచ్‌డీకి దారి తీసే ఈ మూడు పరీక్షలకీ చదివేది దాదాపు ఒకటే. మీ నాన్నగారికి ఫెలోషిప్ వస్తుందని, చేతి నుంచి డబ్బు పెట్టక్కర్లేదని ముందు చెప్పు. ఆయన టెన్షన్ సగం అదే అయ్యుంటుంది.

లంక టీచరమ్మ

మాస్టారూ, ముగ్గు సంగతి చదివి ఇవాళే క్లాసులో వేయించానండి. నాది పి.గన్నవరం వైపు, గోదావరి పాయల మధ్య లంకల్లో హైస్కూలు. వరదొస్తే మా పిల్లలు పడవ మీద వస్తారు.

చెల్లెమ్మా, బీఈడీ మీద చిన్నచూపు వద్దు. నేనదే చేశాను. మా పిల్లలకి గ్రాఫులు అర్థమైంది పుస్తకం వల్ల కాదు, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం చూపే గేజీ వల్ల. మొదటి వరద హెచ్చరిక 11.75 అడుగులు, 10 లక్షల క్యూసెక్కులు (సెకనుకి అన్ని ఘనపుటడుగుల నీళ్ళు). రెండోది 13.75, 13 లక్షలు. మూడోది 17.75, 17 లక్షలు. ఇవి మా పిల్లలకి నోటికొచ్చు, ఎందుకంటే రెండోది దాటితే వాళ్ళ ఇళ్ళలో సామాన్లు అటకెక్కుతాయి. ఆ మూడూ గ్రాఫు మీద పెట్టించాను. సరళరేఖ రాలేదు. మొదట అడుక్కి లక్షన్నర, తర్వాత అడుక్కి లక్షే. "నీళ్ళు గట్టెక్కితే గోదావరి ఇంకా వెడల్పవుద్ది కదండి, అడుక్కి ఎక్కువ నీళ్ళు పట్టాలి గానీ తగ్గిందేంటి?" అనడిగాడొకడు. నాకు జవాబు రాలేదు. మాస్టారూ, ఏం చెప్పమంటారు?

ఇంకో మాట. లెక్కల్ని తెలుగులో చెప్పడం మనతో మొదలవలేదు. మహావీరాచార్యుల సంస్కృత గణిత గ్రంథం గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన 11–12 శతాబ్దాల నాడే తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆ మాట చెబితే మా పిల్లలు నమ్మలేదు.

గట్టుమీద మాస్టారు

టీచర్ గారూ, ఆ అబ్బాయి ప్రశ్న బంగారం. కానీ మూడు చుక్కలతో గీత గీసి ఏదీ తేల్చవద్దు. ఈసారి వరదలో గంటగంటకీ చెప్పే మట్టం, ప్రవాహం రెండూ పిల్లల చేత నోటుబుక్కులో రాయించండి. నలభై యాభై చుక్కలయ్యాక గ్రాఫు చూసి, అప్పుడు బ్యారేజీ దగ్గర పనిచేసే ఇంజనీరు ఎవరినైనా బడికి పిలిచి ఆ అబ్బాయి చేతే అడిగించండి. జవాబు రాలేదని పిల్లల ముందు మీరు ఒప్పుకున్నారు చూశారూ, అది వాళ్ళకి గుర్తుంటుంది.

కౌశిక ఒడ్డు

మాస్టారూ, టీచర్ గారూ, మీ ఇద్దరికీ దణ్ణం. ఫెలోషిప్ మాట నాన్నకి చెప్పాను. "నెలకెంతిస్తారు?" అని అడిగారు. ఇంకా సరే అనలేదు గానీ, డీఎస్సీ మాట మాత్రం మూడు రోజులుగా ఎత్తలేదు.

రాత్రి అమ్మతో కూర్చుని ముగ్గులు వేశాను. ఐదూ ఏడుకి ఒకటే గీత వచ్చింది. ఆరూ తొమ్మిదికి మూడు. తర్వాత అమ్మ ఒక పని చేసింది. మూడూ మూడు ముగ్గులో రెండు వేరే గీతలు దాటుకునే చోట మెలిక వేయకుండా, రెండిటినీ చెరోవైపుకి వంచేసింది. ఆ రెండు గీతలూ కలిసి ఒకటైపోయాయి! ఇంకోచోట కూడా అలాగే చేస్తే మొత్తం ముగ్గు ఒకే గీత అయింది. ఇది ఎప్పుడూ ఇలాగే జరుగుతుందా అండి?

గట్టుమీద మాస్టారు

అమ్మా, జవాబు చెప్పను. ఇది నీ ప్రశ్న, మీ అమ్మగారిచ్చింది. ఆరూ తొమ్మిది ముగ్గుతో మొదలుపెట్టు. మూడు గీతల్ని ఒకటి చేయడానికి ఒక్క మెలిక తీస్తే ఎందుకు చాలదో, సరైన చోట్లు చూసి రెండు తీస్తే ఎందుకు తప్పకుండా సరిపోతుందో రాయి. ఒకే గీత తనని తాను దాటుకునే చోట మెలిక తీస్తే ఏమవుతుందో విడిగా చూడు, అక్కడ తిరకాసుంది. తర్వాత చుక్కలు ఎన్నైనా సరే పనిచేసేలా నిరూపణ రాసి, ఆదివారం పట్టుకురా. అమ్మగార్ని కూడా తీసుకురా, మా పెద్దమ్మ చూస్తానంటోంది.