అప్‌డేట్: కంటి కణితికి లేజర్ వేడి చికిత్స తర్వాత చూపు మసకబారడం – కారణం తెలిసింది

అమ్మ కంట్లో కోరాయిడ్ పొరలోని (రెటీనా వెనక ఉండే రక్తనాళాల పొర) చిన్న మెలనోమాకు (ఒక రకం క్యాన్సర్ కణితి) లేజర్ వేడి చికిత్స (టీటీటీ) చేశాక, కొన్ని వారాలకు మధ్య చూపు మసకబారి గీతలు వంకరగా కనిపిస్తున్నాయని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

కళ్లజోడు మార్చకుండా, చికిత్స చేసిన కంటి క్యాన్సర్ నిపుణురాలి దగ్గరికే వెళ్లి ఓసీటీ స్కాన్ (రెటీనా పొరలను చూపే స్కాన్) అడగమన్న సలహానే దారి చూపింది. కణితి పక్కగా వెళ్లే రెటీనా సిర శాఖ ఒకటి మూసుకుపోయి, మాక్యులాలో (మధ్య చూపునిచ్చే రెటీనా భాగం) నీరు చేరిందట. ఈ చికిత్సలో 810 నానోమీటర్ల పరారుణ లేజర్ కణితిని సుమారు 45 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేస్తుంది. కణితి మీదుగా, అంచు వెంట వెళ్లే రక్తనాళాలకూ ఆ వేడి తగులుతుందని, ఇది తెలిసిన దుష్ప్రభావమేనని డాక్టర్ గారు బొమ్మ గీసి ఎంతో ఓపికగా వివరించారు.

మా అసలు భయం కణితి మళ్లీ పెరిగిందేమోనని. అల్ట్రాసౌండ్‌లో దాని మందం పెరగలేదు. ఆ మాట వినగానే అమ్మ ముఖం తేటపడింది.

శుక్లం, కన్ను పొడిబారడం కారణాలు కావని తేలింది. వేడికి ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు భాగం) కాలడం, కటకంలో మచ్చ పడటం కొందరిలో జరుగుతాయట. అమ్మకు అవీ లేవు.

కంట్లోకి యాంటీ వీఈజీఎఫ్ (రక్తనాళాల నుంచి నీరు కారడాన్ని తగ్గించే మందు) ఇంజెక్షన్లు ఇస్తున్నారు. వాపు తగ్గి మళ్లీ చదవగలుగుతోంది, గీతల వంకర మాత్రం కొంత మిగిలింది. కణితి అంచుల నుంచి తిరిగి రావచ్చు కాబట్టి పరీక్షలు ఏళ్ల తరబడి కొనసాగాలి. మెరుపులు గానీ, చూపుకు అడ్డంగా తెర గానీ కనిపిస్తే వెంటనే రమ్మన్నారు.