పెళ్లయ్యాక "అప్పటికప్పుడు" అనేది పోతుందా? పోతే మళ్లీ తెచ్చుకోవడం ఎలా?

క్యాలెండర్‌మనిషి:
పెళ్లై తొమ్మిదేళ్లు, ఆరేళ్ల పాప. గొడవల్లేవ్, నిజంగానే లేవ్. ఇద్దరి ఫోన్లలో ఒకటే క్యాలెండర్, నాది నీలం, తనది ఆకుపచ్చ, పాపది పసుపు. బట్టలు ఉతికే రోజు, స్కూల్ మీటింగ్, మా అమ్మకి ఫోన్ చేసే టైమ్ కూడా అందులోనే ఉంటాయ్. ఓ రాత్రి పాప పడుకున్నాక మా ఆవిడ ఆ స్క్రీన్ చూస్తూ "ఇందులో ఒక్క ఖాళీ గడైనా ఉందా" అంది. నేను వెతికి మరీ "పదిహేడు సాయంత్రం ఉంది, ఏం పెట్టమంటావ్" అన్నా. లైటార్పి అటు తిరిగి పడుకుంది.

అర్థమైందిలే అనుకుని, తర్వాతి వారం ఆఫీస్ నుంచి పెందలాడే వచ్చి, రెండ్రోజుల ట్రిప్‌కి టికెట్లు తీసేసి "బ్యాగ్ సర్దు, గంటలో బయల్దేరుతున్నాం" అన్నా, ఎగిరి గంతేస్తుందనుకున్నా. తనకి సోమవారం ఆడిట్, పాపకి జలుబు, నాకేమో రెండూ గుర్తులేవు. టికెట్లు క్యాన్సిల్, సగం డబ్బులు గోవిందా. నా డౌట్ ఏంటంటే ఇలా అప్పటికప్పుడు ఏదైనా చేసెయ్యడం కొంతమందికి పుట్టుకతో వచ్చే గుణమా, నాలాంటోడు నేర్చుకోగలడా?

గడుసుపిల్ల:
అన్నయ్యా, "బ్యాగ్ సర్దు" అన్నారు చూడండి, కథంతా అక్కడే ఉంది 😀 ఐడియా మీది, సర్దుడు ఆవిడది. పాప మందు, ఎక్స్‌ట్రా జతలు, నిద్రపోవాలంటే పక్కనుండాల్సిన ఆ ఒక్క చిరుగుల దుప్పటి, ఇవన్నీ ఎవరి బుర్రలో ఉంటాయో వాళ్లకి అప్పటికప్పుడు బయల్దేరడం అంటే అప్పటికప్పుడు డ్యూటీ పడినట్టే. మా ఆయన కూడా ఇంతే ఉండేవాడు. ఒకసారి మాత్రం "అంతా సర్దేశా, నువ్వు చెప్పులేసుకో చాలు" అన్నాడు. తీరా వెళ్లాక చూస్తే ముగ్గురికీ కలిపి ఒకటే టవల్, నా బట్టల్లో రెండు పైజమాలు, పైకి వేసుకునేది ఒక్కటీ లేదు. రెండ్రోజులు ఆయన షర్టులేసుకుని తిరిగా. ఇప్పటికీ తలుచుకుని నవ్వుకుంటాం, కానీ ఆ బ్యాగ్ నేను సర్ది ఏదైనా మర్చిపోయి ఉంటే మాత్రం నవ్వేదాన్ని కాదు.

పుస్తకాలపురుగు:
దీని మీద పరిశోధనలు ఉన్నాయండి. ఆర్థర్ ఆరన్ అనే సైకాలజిస్టు, ఆయన టీమ్ దంపతులతో పది వారాల ప్రయోగం చేశారు, వారానికి గంటన్నర, 1993లో అచ్చయింది. కొందరు తమకి హాయిగా అనిపించే పనులు చెయ్యాలి, కొందరు హుషారు పుట్టించే పనులు. హుషారు బ్యాచ్‌కే ఒకరంటే ఒకరికి సంతృప్తి ఎక్కువ పెరిగింది. 2000లో అచ్చయిన ఇంకోదాంట్లో భార్యాభర్తల్ని చేతికి చెయ్యి, కాలికి కాలు కట్టేసి, ఇద్దరి మధ్యలో దిండు పెట్టి, దాన్ని చేతుల్తో పట్టుకోకుండా పాక్కుంటూ ఓ అడ్డాన్ని దాటమన్నారు, ఏడు నిమిషాలే. అంతమాత్రానికే తేడా కనిపించింది. అయితే వీటిలో ఏదీ అప్పటికప్పుడు పుట్టింది కాదు, టైమ్ ఇచ్చి మరీ చేయించినవి. పనిచేసింది కొత్తదనం.

ఇంకోటి, 2016లో టోనియెటో, మల్కోక్ అనేవాళ్లు సరదా పనులకి కూడా ఫలానా గంటకని టైమ్ పెడితే అవి డ్యూటీలా అనిపిస్తాయని, "పనయ్యాక చూద్దాం" అని వదులుగా అనుకుంటే ఆ ఇబ్బంది ఉండదని చూపించారు. కాబట్టి పదిహేడుని అలాగే వదిలెయ్యండి, ఏమీ రాయకండి.

నిదానమే:
నాకు ఈ గోలే అర్థం కాదు. మాకు ఇరవై రెండేళ్లు, రోజూ ఒకే టైమ్‌కి ఒకే దారిలో వాకింగ్, హ్యాపీగానే ఉన్నాం. పెళ్లికి ముందు మాత్రం ఏం అప్పటికప్పుడు చేశాం బాబూ, కలిసే అరగంట కోసం పొద్దున్నించీ చొక్కాలు మార్చుకునేవాళ్లం, ఏం మాట్లాడాలో బస్సులో రిహార్సల్ వేసుకునేవాళ్లం. అదంతా ప్లానింగే, అప్పుడు పేరు ప్రేమ, ఇప్పుడు పేరు రొటీన్. ఇంకోటి, అడక్కుండా డబ్బు ఖర్చుపెట్టేసి సర్‌ప్రైజ్ అనడం నాకు నచ్చదు, ఎదుటి మనిషి వద్దనడానికి చోటుండాలి. మా ఆవిడ మాత్రం దారిలో ఎక్కడో ఠక్కున ఆగి "అటు చూడు" అంటుంది. చూస్తా. మా ఇంట్లో "అప్పటికప్పుడు" అంటే అంతే.

క్యాలెండర్‌మనిషి:
అందరికీ థాంక్స్, ముఖ్యంగా ఆ పైజమాల కథకి. అప్‌డేట్ ఏంటంటే పదిహేడు ఇంకా రాలేదు కానీ మొన్న రాత్రి గిన్నెలు తోముతుంటే మా ఆవిడ బాల్కనీలోంచి "ఓసారి ఇలా రా" అని పిలిచింది. "రెండు నిమిషాలు" అని నోటిదాకా వచ్చింది, అలవాటు కదా, కానీ చేతులకి నురగతోనే వెళ్లా. కింద ఎవరో రెండు కార్ల మధ్య ఇరికించి పార్క్ చెయ్యడానికి తెగ తంటాలు పడుతున్నాడు. పడుతుందని నేను, పట్టదని తను పందెం. ఏడుసార్లు ముందుకీ వెనక్కీ ఆడి, దిగి, ఆ సందుని కళ్లతో కొలిచి, మళ్లీ ఎక్కి వెళ్లిపోయాడు. తను గెలిచింది. చేతుల మీద నురగ ఎండిపోయి చిటపటలాడుతుంటే నా చెయ్యి లాక్కుని తన చున్నీకి తుడిచింది. గిన్నెలు పొద్దున తోమా.

పందెం ఏమిటో మాత్రం ముందు అనుకోలేదు, ఇప్పుడేమో "ఆలోచించి చెప్తా" అంటోంది.