ఇంట్లోని పైప్ ఆర్గన్‌లో ఒక స్వరం ఆగకుండా మోగుతోంది, సాయం కావాలి

మా పైప్ ఆర్గన్ అభిమానుల సంఘం ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి వాయిద్యాలు చూస్తోంది. వచ్చే ఆదివారం మా ఇంటి వంతు. ఈలోగా ఈ తంటా తీరాలి.

స్లైడర్ విండ్‌చెస్ట్ (పైపులకు గాలి పంచే పెట్టె; ఒక్కో స్టాప్‌ను, అంటే పైపుల వరుసను, స్లైడర్ అనే జారే పలక తెరిచి మూస్తుంది), పూర్తిగా మెకానికల్ యాక్షన్. గాలి ఒత్తిడి నీటి గేజ్‌లో 60 మిల్లీమీటర్లు, నిలకడగానే ఉంది. బ్లోవర్ వేసిన ఇరవై నిమిషాలకు, మధ్య సి పైనున్న ఎఫ్ షార్ప్ కీ ముట్టుకోకుండానే సన్నగా మూలగడం మొదలుపెడుతుంది. 8 అడుగుల స్టాప్ మూసి 4 అడుగులది తెరిచినా అదే స్వరం. అంటే తప్పు స్లైడర్‌ది కాదు, ప్యాలెట్ (కీ నొక్కితే తెరుచుకునే గాలి కవాటం) దగ్గరే గాలి కారుతోంది. గదిలో తేమ 55 శాతం ఉంటే అసలు రాదు. 40కి దిగితే తప్పకుండా వస్తుంది.

ట్రాకర్ (కీని ప్యాలెట్‌తో కలిపే సన్నని కర్ర) నట్టు వదులు చేశాను, ఫలితం లేదు. ప్యాలెట్ స్ప్రింగ్‌ను పక్క స్వరం స్ప్రింగ్‌తో మార్చి చూశాను, మోత ఎఫ్ షార్ప్‌లోనే ఉండిపోయింది. ప్యాలెట్ తోలు మీద దుమ్ము లేదు, మెత్తగానే ఉంది. గైడ్ పిన్నుల దగ్గర రాపిడి లేదు. బ్లోవర్ ఆపి ప్యాలెట్‌కూ అది ఆనే చట్రానికీ మధ్య పలుచని కాగితం ముక్క పెట్టి లాగితే ముందు వైపు గట్టిగా పట్టుకుంటోంది, వెనక కీలు వైపు మాత్రం జారిపోతోంది. నాకైతే ఇదే అసలు ఆధారం అనిపిస్తోంది.

కీలు తోలుతో అతికించినది కాబట్టి ఊడదీస్తే ఆదివారానికి మళ్లీ బిగించలేను. వంగింది ప్యాలెట్టా, అది ఆనే చట్రమా అన్నది ప్యాలెట్ ఊడదీయకుండా తేల్చుకోవడం ఎలా?