బిర్యానీ తిన్న రాత్రి ట్రెడ్‌మిల్ ఎక్కకపోతే నిద్ర పట్టడం లేదు

కృష్ణలంక అమ్మాయి:
నాకు 29, విజయవాడ. పెళ్లయ్యాక కాస్త ఒళ్ళు చేశాను. నిరుడు అత్తగారి ఊళ్ళో ఎవరో "పెళ్లి ఫొటోల్లో ఎంత సన్నగా ఉన్నావమ్మా" అన్నారు. ఆ వారమే జిమ్‌లో చేరాను. 9 కిలోలు తగ్గాను, మనశ్శాంతి మాత్రం లేదు. పొద్దున్నే కాఫీకి ముందే వెయింగ్ మెషిన్ ఎక్కుతా. అర కిలో పెరిగితే టిఫిన్ మానేస్తా. బిర్యానీ తింటే ఆ కేలరీలన్నీ కరిగాయని వాచీ చూపించేదాకా ట్రెడ్‌మిల్ దిగను. ఫంక్షన్లకి వెళ్ళడం మానేశాను. ఈమధ్య నెలసరి కూడా సరిగ్గా రావడం లేదు. మా ఆయనేమో "ఫిట్‌గా ఉన్నావుగా" అంటారు. ఆపితే మళ్ళీ లావైపోతానని టెన్షన్. ఇంకెవరికైనా ఇలా ఉందా?

రన్నర్42:
క్రమశిక్షణ అంటే అదే కదండీ. రోజుకు పదివేల అడుగులు, రాత్రి అన్నం బంద్. అలవాటైపోతుంది.

పీఈటీ మేడం:
రన్నర్ గారూ, ఆ పదివేల లెక్క డాక్టర్లు చెప్పింది కాదండీ. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మీటరు అమ్ముకోవడానికి పెట్టిన పేరులోంచి వచ్చింది. ఆ పిల్ల నెలసరి సరిగ్గా రావడం లేదంటుంటే అన్నం కూడా మానమంటారా?

అమ్మా, ముందు గైనకాలజిస్టుకి చూపించుకో. థైరాయిడ్, పీసీఓడీ, గర్భం, ఏదైనా కావచ్చు. పడే కష్టానికి తగ్గ తిండి లేకపోయినా నెలసరి ఆగుతుంది. ఆటలాడే పిల్లల్లో చూశాను. అలాగే వదిలేస్తే ఎముకలు గుల్లబారతాయి. ఎంత తింటున్నావో, ఎంత పరిగెడుతున్నావో డాక్టరు దగ్గర దాచకు.

మన బళ్ళలో లేటుగా వస్తే గ్రౌండ్ చుట్టూ రౌండ్లు, హోంవర్క్ చేయకపోతే గుంజీలు. ఒళ్ళు వంచడమంటే శిక్ష అని ఆరో తరగతికే వంటబట్టేస్తుంది. నువ్విప్పుడు బిర్యానీకి గుంజీలు తీస్తున్నావు. అదే ఖోఖో ఆడే పిల్లల్ని చూడు, బెల్ కొట్టినా లోపలికి రారు!

ఆ వెయింగ్ మెషిన్ అటక మీద పడెయ్. ఉప్పు ఎక్కువైనా, నెలసరి ముందు నీరు పట్టినా ఒక్క రోజులో కిలో అటూ ఇటూ అవుతుంది, అది కొవ్వు కాదు. వాచీలో కేలరీలూ ఉజ్జాయింపే. డాక్టరు సరేనన్నాక షటిల్ ఆడటానికి తోడు ఎవరైనా దొరుకుతారేమో చూడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక లాంటిది, రెండు రోజులు కండరాలకు పని. బిర్యానీ తిన్నవాళ్ళకి వేరే లెక్కేం రాయలేదు.

కృష్ణలంక అమ్మాయి:
పీసీఓడీ అయ్యుంటుందని నాకు నేనే అనుకుని ఊరుకున్నా మేడం. శుక్రవారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నా. మెషిన్ తీసేయడానికి మాత్రం చేతులు రావడం లేదు.

పీఈటీ మేడం:
మీ ఆయన్ని దాచేయమను. ఆ "ఫిట్" మాట కూడా ఆపమను. ఈ గుబులు తగ్గకపోతే 14416కి ఫోన్ చెయ్. టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.