హరికేన్ పేరు ‘రిటైర్’ అయితే తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: 2024లో వచ్చిన బెరిల్, హెలీన్, మిల్టన్ హరికేన్ల పేర్లను రిటైర్ చేశారట. మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టు కోసం దీన్ని తెలుగులో రాయాలి. ‘పదవీ విరమణ’ అనాలా, ‘విశ్రాంతి’ అనాలా, ‘రద్దు’ అనాలా? పెద్దలు చెప్పగలరు.

జవాబు: మూడూ కుదరవండీ. పదవీ విరమణ ఉద్యోగికి, విశ్రాంతి అలసినవాళ్లకు. రద్దు అంటే ఆ తుపాను రికార్డే లేకుండా పోయిందేమో అనిపిస్తుంది. ముందు అక్కడ జరిగేది చూస్తే మాట దానంతట అదే దొరుకుతుంది.

అట్లాంటిక్ తుపాన్లకు పేర్ల జాబితాలు ఆరున్నాయి. ఏడాదికొకటి చొప్పున వాడతారు. ఒక్కోదాంట్లో ఇంగ్లిష్ అక్షరాల వరసలో 21 పేర్లుంటాయి. క్యూ, యు, ఎక్స్, వై, జెడ్‌లతో సరిపడా పేర్లు దొరకవని వాటిని వదిలేశారు. ఆరేళ్లయ్యాక మొదటి జాబితా మళ్లీ మొదలవుతుంది. చిక్కంతా ఇక్కడే. ఊళ్లను ముంచిన తుపాను పేరు కూడా ఆరేళ్లకు తిరిగి రావాలి కదా!

హార్వీ సంగతే చూడండి. 2017 ఆగస్టులో హ్యూస్టన్‌ను ముంచేసింది. టెక్సస్‌లో కొన్నిచోట్ల దాదాపు 1500 మిల్లీమీటర్ల వాన పడింది. మన తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉండే ఊరది. ఆ జాబితా వంతు 2023లో మళ్లీ వచ్చింది. ఆ ఆగస్టులో హెచ్ అక్షరం దగ్గరికి వచ్చేసరికి పుట్టిన తుపాను వెళ్లింది కూడా టెక్సస్ తీరానికే! పాత పేరే ఉండి ఉంటే టీవీల్లో ‘టెక్సస్ వైపు దూసుకొస్తున్న హార్వీ’ అని స్క్రోలింగ్ పడేది. ఇల్లు మునిగి సామాను వీధిలో పారేసుకున్న మనిషి ఆ మాట ఎలా వింటాడు? అప్పటికే ఆ పేరు తీసేసి హెరాల్డ్ అని పెట్టారు కాబట్టి ఆ బాధ తప్పింది. 2005 నాటి కత్రినా బదులు 2011లో కాటియా వచ్చింది కూడా ఇలాగే.

ఈ నిర్ణయం ప్రపంచ వాతావరణ సంస్థ హరికేన్ కమిటీది. ఏటా సమావేశమై, ప్రాణనష్టం, ఆస్తినష్టం భారీగా ఉన్న తుపాన్ల పేర్లు పక్కన పెడుతుంది. మీరు చెప్పిన మూడింటి బదులు 2030 జాబితాలో బ్రియానా, హాలీ, మిగెల్ చేరాయి. బీమా కాగితాల్లో, చరిత్రలో ఒకే పేరుతో రెండు తుపాన్లుంటే గందరగోళమన్నది ఒక కారణం. పోయినవాళ్ల కుటుంబాలను మళ్లీ ఆ పేరుతో నొప్పించకూడదన్నది రెండోది. నా మట్టుకు రెండోదే పెద్దది.

ధోనీ 7 నంబరు జెర్సీ ఇక ఎవరికీ ఇవ్వరు అన్నప్పుడు కూడా ఇంగ్లిష్‌లో ఇదే ‘రిటైర్’ మాట వాడతారు. అది గౌరవం. ఇక్కడున్నది గాయం. ఒకే తెలుగు మాటను రెండు చోట్లా వాడితే అర్థం దెబ్బతింటుంది.

మనకు చక్కటి నుడికారం ఉండనే ఉంది: పేరెత్తడం. ‘నా దగ్గర వాడి పేరెత్తకు’ అంటామే, అందులో బాధ, కోపం, అయిష్టం అన్నీ వినిపిస్తాయి. మాటల్లో అయితే ‘కొత్త తుపాన్లకు ఇక ఆ పేరెత్తరు’ అంటే చాలు. ప్రాజెక్టులో మాత్రం ‘ఆ పేరును జాబితా నుంచి శాశ్వతంగా తప్పించారు’ అని రాయించండి. ‘తొలగించారు’ తప్పేమీ కాదు గానీ, నాకు అందులో శిక్ష వాసన వస్తుంది.

మరొకరి ప్రశ్న: మాది విశాఖ. మరి మా హుద్‌హుద్ పేరు కూడా తప్పించారా మాస్టారూ?

జవాబు: ఆ అవసరమే రాలేదమ్మా. మన బంగాళాఖాతం, అరేబియా సముద్రం జాబితాలో ఏ పేరైనా ఒక్కసారే. ఒమన్ ఇచ్చిన ఆ పిట్ట పేరు 2014 అక్టోబరు 12తో సరి. 2020లో 13 దేశాలు తలా 13 పేర్లిచ్చాయి, మొత్తం 169. వరసగా వాడుకుంటూ పోవడమే, వెనక్కి రావడం లేదు.

ఈ పేర్లు పెట్టడం మన దగ్గర 2004లో మొదలైంది. అంతకు ముందువాటిని మనవాళ్లు నష్టపోయిన నేల పేరుతోనే చెప్పుకుంటారు: 1977 దివిసీమ ఉప్పెన, 1996 కోనసీమ తుపాను. రెంటికీ తేడా గమనించారా? దివిసీమలో ఎక్కువమందిని బలిగొన్నది ఊళ్ల మీద పడిన సముద్రపు నీరు. అందుకే అక్కడ ‘తుపాను’ అనరు, ‘ఉప్పెన’ అనే అంటారు. పేరులోనే జరిగింది చెప్పేశారు. ఇంత కచ్చితమైన మాటను వదిలేసి కొందరు ఇంగ్లిష్ ‘స్టార్మ్ సర్జ్’కు ‘తుపాను ఉప్పొంగు’ లాంటి అనువాదాలు రాస్తుంటే నాకు ప్రాణం చివుక్కుమంటుంది.

ఇంకొకరి ప్రశ్న: 2021లో వచ్చింది తౌక్తేనా, తౌతేనా?

జవాబు: తౌతే. అది మయన్మార్ ఇచ్చిన పేరు, ఒక రకం బల్లి. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ‘కె’ ఉందని మనవాళ్లు ‘క్’ కలిపేశారు. 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం కూడా అంతే, స్పెల్లింగ్ చూసి మిచౌంగ్ అన్నారు. జాబితాలో ప్రతి పేరు పక్కనా దాన్ని ఎలా పలకాలో కూడా ఇస్తారు. తెలుగులో రాసేటప్పుడు ఆ గడి చూసి రాయాలి.